అడుగు లేని వల

మా అయ్య ఏడాదిలో తొమ్మిది, పది నెలలు గుజరాత్‌లో ఉండేవాడు. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు పోతే వచ్చే మా ఊళ్లో మగవాళ్లలో సగం మంది అంతే. ఆగస్టులో రైలెక్కి వెళ్లి, అక్కడి పెద్ద బోట్ల మీద వేట చేసి, ఎండాకాలం చివర్లో తిరిగొస్తారు. కాబట్టి నా చిన్నతనంలో అయ్య అంటే రెండు నెలల మనిషి, మిగతా రోజులు ఫోన్లో గొంతు. ఆ గొంతు నాతో మాట్లాడిన మాటల్లో ముప్పాతిక వంతు అమెరికాలోని ఒక బాస్కెట్‌బాల్ జట్టు గురించి అంటే కాలేజీలో నా స్నేహితురాళ్లు నవ్వేవాళ్లు. నవ్వుకోనీ. వాళ్ల నాన్నలు వాళ్లతో మార్కుల గురించి తప్ప ఏం మాట్లాడేవాళ్లో నాకు తెలుసు.

ఇదంతా అయ్య చెయ్యి తెగినందువల్ల మొదలైంది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక మాఘమాసంలో, బోటు మీద వల లాగే ఇనప తాడు ఆయన కుడి అరచేతిని కోసేసింది. కుట్లు వేయించి ఇంటికి పంపేశారు. వేటకాలంలో మగమనిషి ఇంట్లో కూర్చోవడం మా వీధిలో ఎవరూ ఎరగనిది. అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని తెల్లారేసరికి వెళ్లిపోయేది. అయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో టీవీ రిమోటు నొక్కుతూ కూర్చునేవాడు. రథసప్తమికి అరసవల్లిలో జనాన్ని చూపిస్తారేమోనని వెతుకుతుంటే మధ్యలో ఆ ఆట తగిలింది.

"ఏటే ఇది? ఈ పొడుగోల్లు ఏటి సేస్తన్నారు?" అన్నాడు.

నాకు మాత్రం ఏం తెలుసు? బడికి తయారవుతూ, జడ వేసుకుంటూ చూశాను. ఒక జట్టుది తెల్ల బనీను, ఇంకో జట్టుది అచ్చం వంకాయ రంగు. వంకాయ జట్టు ముప్పై పాయింట్లు వెనకబడి ఉంది. అయ్య వెంటనే వాళ్ల పక్షం చేరిపోయాడు. ఆయన తీరే అంత. వీధిలో కుక్కలు కొట్లాడుకున్నా కింద పడ్డ కుక్క వైపే ఉంటాడు.

కానీ ఆ ఆటలో ఒక్క సంగతి ఆయనకు అస్సలు మింగుడు పడలేదు.

"అంత కట్టపడి వలలో ఏస్తారు, మల్లీ కింద నుంచి పడిపోతాది. అదేటి వలే? అడుగు కుట్టడం మర్సిపోనారా?"

"అది అంతే అయ్యా. బంతి కిందికి రావాలి, మళ్లీ ఆడాలి."

"పట్టిందాన్ని వదిలీడానికి వల ఎందుకు మరి?"

బడికి వేళైపోతోందని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాను.

చెయ్యి మానడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో మాకు జట్టంతా తెలిసిపోయింది. వాళ్ల పేర్లు మా నోట తిరిగేవి కావు కాబట్టి అయ్య అందరికీ చేపల పేర్లు పెట్టేశాడు. ఎక్కువ పాయింట్లు చేసే పొగరుబోతు పండుగప్ప. తెల్లగా, సన్నగా, పక్కనుంచి జారిపోయేవాడు సందువ. అందర్నీ మోచేతుల్తో పొడిచేవాడు సొర. కురచగా ఉండి ఎప్పుడూ ఎగిరెగిరి పడేవాడు రొయ్య. అమెరికాలో కురచ అంటే మా ఊళ్లో అందరికన్నా పొడుగన్నమాట.

ఇక టేకు. టేకు చేప ఎరగనివాళ్లకి చెబుతున్నాను: చాపలా వెడల్పుగా, అడుగున ఇసకలో కదలకుండా పడి ఉంటుంది. ఈయన అలాంటివాడే. జట్టులో అందరికన్నా పెద్దవాడు, బోడిగుండు, బరువైన మనిషి. ఎక్కువసేపు పక్కన బెంచీ మీదే కూర్చునేవాడు. లోపలికి పంపితే రెండు చేతులూ చాపి ఎదుటివాళ్లకి అడ్డంగా నిలబడేవాడు, ఆయన పక్కనుంచి కుర్రాళ్లు దూసుకుపోయి బంతి వేసేవాళ్లు. ఆయన వేసేది మాత్రం ఏ నాలుగు ఆటలకో ఒకసారి. ఓడిపోతున్నా నవ్వేవాడు. కింద పడ్డవాడు ఏ జట్టువాడైనా చెయ్యిచ్చి లేపేవాడు.

"బోటు మీద ఇలాంటోడు ఒకడు ఉండాల. ఈడు వల లాగడు. కానీ ఈడు నేకపోతే ఎవడూ లాగలేడు," అన్నాడు అయ్య. నాకు అప్పుడు తెలియలేదు కానీ, బోటు మీద అలాంటివాడు అయ్యే.

ఆదివారాల్లో శ్రీకాకుళం నెట్ సెంటరుకి వెళ్లి ఆ జట్టు చరిత్ర నోటుపుస్తకంలో రాసుకొచ్చాను. అయ్య చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు వాళ్లకి పెద్ద పేరు, కప్పు కూడా వచ్చింది. ఆ తర్వాత ఎన్నేళ్లుగానో అడుగునే ఉన్నారు. అది చదివి వినిపిస్తే అయ్య సంతోషపడ్డాడు.

"అయితే ఒకప్పుడు సేప పడిన సోటే గదా. మల్లీ పడతాది," అన్నాడు.

మళ్లీ పడలేదు. ఏడాది తర్వాత ఏడాది వాళ్లు ఓడుతూనే ఉన్నారు. అక్టోబరులో మొదలుపెట్టి ఏప్రిల్ సగానికల్లా ఇంటికి పోయేవాళ్లు. ఏప్రిల్ సగంలోనే మా తీరంలో వేట నిషేధం మొదలవుతుంది. "గవర్నమెంటు మనోల్లకి కూడా నిషేదం పెట్టీసినాదే," అని అయ్య అక్కడినుంచి ఫోన్లో నవ్వేవాడు.

ఇక్కడ మా ఊరి ఆనవాయితీ ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి తెలియదు. గుజరాత్ వెళ్లే ప్రతి బోటుకీ ఒక తండేలు ఉంటాడు. బోటు నడిపించే పెద్ద, మనుషుల్ని ఎంచుకునేది ఆయనే. శ్రావణం వచ్చే ముందు తండేలు తనకు కావలసిన వాళ్ల ఇళ్లకి స్వయంగా వస్తాడు. అరుగు మీద కూర్చుని రెండు తమలపాకులు, ఒక వక్క చేతిలో పెడతాడు. అంతే, ఆ సీజనుకి ఆ మనిషి ఆ బోటు వాడు. ఇంటావిడ ఆ ఆకూ వక్కా పసుపు గుడ్డలో మూటగట్టి బియ్యం కుండలో దాస్తుంది. మనిషి క్షేమంగా తిరిగొచ్చాకే తీస్తుంది. ఒకవేళ తండేలు వచ్చి, మంచినీళ్లడిగి తాగి, ఆకు ఇవ్వకుండా వెళ్లిపోయాడంటే ఇక ఆ మనిషి అక్కర్లేదని. ఎవరూ పెదవి విప్పరు. అడగరు, చెప్పరు.

తొమ్మిదో తరగతిలో మా బడికి బాస్కెట్‌బాల్ బోర్డు వచ్చింది. బోర్డు వచ్చింది, రింగు వచ్చింది, నెట్టు రాలేదు. మా పీఈటీ మాస్టారు క్లాసులో, "వలలు అల్లే ఊళ్లో ఉండి నెట్టు కొనుక్కోవడం ఏంట్రా?" అన్నారు. నేను చెయ్యెత్తాను. అయ్య గుజరాత్ రైలెక్కడానికి రెండు రోజులుంది. వలసూది, వల కన్ను కొలిచే వెదురు బద్ద, తెల్ల నైలాన్ దారం ముందేసుకుని ఒక్క పూటలో అల్లేశాడు. కన్ను కన్నూ ఎంత సమంగా ఉందో. రింగుకి తనే కట్టి, చొక్కా దులుపుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

మొదటి బంతి నేనే వేశాను. వలలో పడింది. అక్కడే ఉండిపోయింది.

అడుగు కుట్టేశాడు. చక్కగా, ముచ్చటగా, పైనుంచి కిందికి సన్నబడుతూ, చివర గట్టి ముడి. పెద్ద కోనెం చేప పడినా జారని వల. బడంతా నవ్వింది. మాస్టారు కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయి, వెదురు కర్రతో బంతిని కిందనుంచి పొడిచి పైకి తోశాను. వారం రోజులు అలాగే ఆడాం. ఒకరు బంతి వెయ్యడం, ఒకరు కర్రతో పొడవడం. చివరికి ఒక పొద్దున అందరికన్నా ముందు బడికెళ్లి, బల్ల మీద బల్లేసి ఎక్కి, బ్లేడుతో అడుగు కోసేశాను. మా ఇళ్లలో వలకి కత్తి పెట్టరు. చిక్కుపడితే గంటలకొద్దీ కూర్చుని విడదీస్తారు గానీ కొయ్యరు.

తర్వాత ఫోన్ వచ్చినప్పుడు అయ్య మొదట అడిగింది అదే. "నా వల ఎలగున్నాది?"

"చాలా బాగుందయ్యా. అందరూ మెచ్చుకుంటున్నారు."

ఎండాకాలంలో తిరిగొచ్చినప్పుడు నాకు చెప్పకుండా బడికి వెళ్లి చూశాడు. నేను వెళ్లేసరికి నిచ్చెన మీద నిలబడి, నేను కోసిన చోట పీచులు తేలిన దారాల్ని ఒక్కొక్కటే కలిపి ముడివేస్తున్నాడు. కిందికి దిగి, "కోసీటప్పుడు ముందు ముడేసుకుని కొయ్యాల," అన్నాడు.

ఫోన్ల సంగతికి వస్తాను. బోటు పదిహేను ఇరవై రోజులకొకసారి రేవుకి వచ్చేది. వచ్చిన సాయంత్రం అయ్య ఫోన్ చేసేవాడు. అమ్మతో రెండు నిమిషాలు. తర్వాత నేను. "మనోల్లు ఏటి సేసినారు?" అని మొదలుపెట్టేవాడు. నేను పొడుగు నోటుపుస్తకం తెరిచి, ఆయన సముద్రం మీద ఉన్నన్నాళ్లూ జరిగిన ఆటలన్నీ వరసగా చదివేదాన్ని. ఎవరితో, ఎంతకి ఎంత, పండుగప్ప ఎన్ని వేశాడు, సొర ఎవర్ని పొడిచాడు. టేకు లోపలికి వచ్చాడా లేదా. ఆయన ఆ కబుర్లన్నీ మోసుకుపోయి బోటు మీద చెప్పేవాడు. కొన్నాళ్లకి అరేబియా సముద్రంలో ఎనిమిది మంది మనుషులు వంకాయ జట్టు తరఫున బెంగపడుతూ ఉండేవాళ్లు. వాళ్లలో ఆ ఆట చూసినవాడు అయ్య ఒక్కడే.

ఒకసారి సీజను మధ్యలో సొరని వేరే జట్టుకి పంపించేశారు. నేను మామూలుగా చెప్పేశాను, అక్కడ అలాంటివి జరుగుతూనే ఉంటాయి కదా. అయ్య ఊరుకోలేదు.

"మద్దిలో ఎలగ పంపీసినారు? ఆకు ఇచ్చినారు గదా?"

"వాళ్లకి ఆకులుండవయ్యా. కాగితం మీద సంతకం."

"ఏదో ఒకటి. ఆడింట్లో బియ్యంకుండలో మూట ఉంటాది గదే. ఆ మూట ఏటి సెయ్యాల ఆడి పెల్లాం?"

సొర భార్య గురించి అంత బాధపడినవాడు ప్రపంచం మొత్తం మీద మా అయ్య ఒక్కడే అయ్యుంటాడు. అప్పట్నుంచి ప్రతి అక్టోబరులోనూ ఆటగాళ్ల పేర్ల కొత్త పట్టీ రాగానే ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే. టేకుకి ఆకు ఇచ్చినారా? ఇచ్చారయ్యా అనేదాన్ని. ఏటేటా ఇస్తూనే ఉన్నారు. నేను టెన్త్ పాసయ్యాను, ఇంటర్ అయ్యాను, శ్రీకాకుళంలో డిగ్రీలో చేరాను. ఎచ్చెర్లలో యూనివర్సిటీ పోటీలకి మా కాలేజీ జట్టులో ఆడాను. టేకు ఇంకా బెంచీ మీదే ఉన్నాడు.

నేను డిగ్రీ రెండో ఏడాదికి వచ్చేసరికి అయ్య మోకాలు వాచింది. ఉప్పు కాపడం పెట్టినా, మాత్రలు వేసినా తగ్గలేదు. తండేలు మాకు వరసకి మావయ్య అవుతాడు, మంచివాడే. ఆకు ఇచ్చాడు గానీ, ఇస్తూ, "ఈ ఏడుకి రా బావా. ఆ పైన సూద్దారి," అన్నాడు. తలుపు వెనకున్న అమ్మా విన్నది, నేనూ విన్నాను. అయ్యకి చదువు లేదు, వేరే పని రాదు. అంతకన్నా పెద్ద సంగతి, బోటు లేకపోతే తను ఎవరో ఆయనకే తెలియదు. ఆయన రైలెక్కే రోజు దాకా మా ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తలేదు.

ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కుతూ మెట్టు మీద ఒక్క క్షణం ఆగాడు. మోకాలు పట్టుకుని, నన్ను చూసి నవ్వి, "టేకు ఉన్నంత కాలం నానూ ఉంటాను. ఆడు నాకంటే ముసిలోడు," అన్నాడు.

ఆ అక్టోబరులో ఊళ్లో అందరి చేతుల్లోకీ చవకగా ఇంటర్నెట్ వచ్చేసింది. నెట్ సెంటరుకి పోనక్కర్లేకుండా కాలేజీ బస్సులో కూర్చునే కొత్త పట్టీ చూశాను. పైనుంచి కిందికి మూడుసార్లు చదివాను. టేకు పేరు లేదు. వెతగ్గా వెతగ్గా ఒక మూల ఒకే ఒక్క వాక్యం దొరికింది, ఆయన్ని మళ్లీ తీసుకోలేదని. వేరే ఏ జట్టూ కూడా తీసుకోలేదు.

నాలుగు రోజులకి ఫోన్ వచ్చింది. వెనక బోటు ఇంజన్ల చప్పుడు.

"టేకుకి ఆకు ఇచ్చినారా?"

"ఇచ్చారయ్యా," అన్నాను.

అనేశాక కానీ తెలియలేదు నేనేం నెత్తికెత్తుకున్నానో. ఆకు ఇచ్చినవాణ్ని ఆడించాలి కదా. ఆ సీజనంతా టేకుని నేనే ఆడించాను. గెలుపోటముల జోలికి మాత్రం వెళ్లలేదు, అంత పెద్ద అబద్ధానికి ధైర్యం చాలలేదు. ఓడిన ఆటలోనే ఓ నాలుగు నిమిషాలు టేకుని లోపలికి పంపేదాన్ని. ఆయన రెండు పాయింట్లు వేస్తే ఆ రెండూ ఎక్కడో తగ్గాలి, లేకపోతే మొత్తం కలవదు. అందుకని పండుగప్ప దగ్గర కోసేదాన్ని. వాడు ఇరవైరెండు వేస్తే ఇరవై అని రాసి, రెండు టేకు పేరున వేసేదాన్ని. పండుగప్పకి ఎలాగూ పొగరెక్కువ.

మొదట్లో ఒక్కో అంకె రెండుసార్లు కూడి చూసుకునేదాన్ని. పోనుపోను టేకుకి నేను అలవాటు పడిపోయాను. ఆయన ఎప్పుడు లేస్తాడో, తువ్వాలు ఎవరికిస్తాడో, కొత్తగా వచ్చిన కుర్రాడికి చెవిలో ఏం చెబుతాడో నాకు తెలిసిపోయేది. ఒక ఆటలో కింద పడ్డ సొరని, ఇప్పుడు అవతలి జట్టులో ఉన్న సొరని, చెయ్యిచ్చి లేపాడని చెప్పాను. అయ్య, "మంచోడు," అన్నాడు. ఇంకెవరితోనో అటు తిరిగి, "సొరని లేపినాడంట," అని చెప్పడం వినబడింది. ఫోన్ పెట్టేశాక సిగ్గుతో దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. సముద్రం మీదున్న మనిషికి అబద్ధం చెబుతున్నాను. ఆయన్ని నేను ప్రాణంగా చూసుకున్నాను కాబట్టే చెప్పాను. ఆ రెండూ నిజమే.

మే నెలాఖరులో అయ్య తిరిగొచ్చాడు. మోకాలు ఇంకా లావైంది. అమ్మ బియ్యం కుండలోంచి మూట తీసి, ఎండిపోయిన ఆకుల్ని సముద్రంలో కలిపింది. టేకు గురించి ఆయన ఒక్కమాట కూడా అడగలేదు. బతికిపోయాననుకున్నాను.

ఆషాఢం చివర్లో తండేలు వచ్చాడు. పొద్దున్నే, తలస్నానం చేసి. అరుగు మీద కూర్చున్నాడు. అయ్య ఎదురుగా పాత వల ఒకటి బాగుచేస్తున్నాడు. వానలు ఆలస్యమయ్యాయని మాట్లాడుకున్నారు. ఎవరిదో పెళ్లి గురించి మాట్లాడుకున్నారు. తర్వాత తండేలు గొంతు సవరించుకుని, "సెల్లీ, కాసిని మంచినీల్లు ఇయ్యమ్మా," అన్నాడు.

అమ్మ గ్లాసుతో తెచ్చి ఇచ్చింది. ఆయన మొత్తం తాగాడు. గ్లాసు కింద పెట్టి, అయ్య భుజం మీద చెయ్యి వేసి ఒక క్షణం ఉంచి, లేచి వెళ్లిపోయాడు. అమ్మ గ్లాసు కడిగి బోర్లించింది. అయ్య చేతిలో సూది ఆగలేదు. ఆ వల అప్పటికే బాగైపోయింది, అయినా అల్లుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున అన్నం తినకుండా ఒడ్డుకి వెళ్లి కూర్చున్నాడు. నేను టీ గ్లాసు పట్టుకెళ్లాను. ఊళ్లో బోట్లు అప్పటికే లోపలికి పోయాయి. పక్కన కూర్చున్నాను. టీ సగం తాగాక ఆయనే మొదలుపెట్టాడు.

"టేకుని తీసీసి ఏడాది అవతన్నాది గదే."

చటుక్కున ఆయన వైపు తిరిగాను.

"మార్గశిరంలో రేవు కాడ మా ఇంజను డ్రైవరు కొత్త ఫోను కొన్నాడు. మనోల్ల పట్టీ సూపించరా అన్నాను. మొత్తం ఎతికించినాను. ఆడి పేరు నేదు. ఆడి నంబరు బనీను ఎవడో కుర్రోడు ఏసుకున్నాడు."

"మరి తెలిసీ ప్రతిసారీ నన్నెందుకు అడిగావు అయ్యా?"

"నువ్వు బాగా ఆడిస్తన్నావు కదా." ఇసక తీసి గుప్పిట్లోంచి జారవిడిచాడు. "ఆడు నీ కాడ ఆడినంత బాగా అక్కడ ఏనాడూ ఆడనేదు. బోటు మీద అందరికీ సెప్పీవోన్ని. అసలు సంగతి ఎవడికీ సెప్పొద్దని ఇంజను డ్రైవరుతో అన్నాను."

నేను ఏడ్చాను. దాచుకోలేదు, దాచుకోవాలని అనిపించలేదు. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు, కోతపడిన పాత మచ్చ గరుకుగా తగిలింది.

"మావోడు నీల్లు తాగి ఎల్లిపోనాడు. ఆడిది తప్పు కాదు," అన్నాడు. "నీ సేతిలో ఉంటే ఇంకో ఏడు ఆడించీదానివి."

ఆ మాట నన్ను రెండు వారాలు నిద్రపోనివ్వలేదు. శ్రావణం వచ్చింది, ఊళ్లో మగవాళ్లు సంచులు సర్దుకుని బస్సులెక్కారు. అయ్య వీధిలోకి రావడం మానేశాడు. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు. అమ్మ నాతో, "మనిషి ఇంట్లో ఉన్నా కూడా గుజరాత్‌లో ఉన్నట్టే ఉన్నాడే," అంది.

అప్పటికి నేను సెలవు రోజుల్లో మా పాత బడిలో ఆడపిల్లలకి ఆట నేర్పేదాన్ని, పీఈటీ మాస్టారు అడిగితే. పదకొండు మంది. రింగుకి నెట్టు లేదు. అయ్య అల్లినదాన్ని ఉప్పుగాలి ఎప్పుడో తినేసింది. నాకు అది వెళ్లినప్పుడల్లా కళ్లెదురుగానే ఉండేది, అయినా బుద్ధికి అందడానికి అన్ని రోజులు పట్టింది.

ఒక ఆదివారం పొద్దున్నే తలస్నానం చేశాను. శ్రీకాకుళం వెళ్లి తమలపాకులు, వక్క కొన్నాను. ఇంటికి తిరిగొచ్చి లోపలికి వెళ్లకుండా అరుగు మీద కూర్చున్నాను. అయ్య గోడకి ఆనుకుని ఉన్నాడు. నన్ను వింతగా చూశాడు. ఎండన పడి వచ్చానని అమ్మ గబగబా నీళ్ల గ్లాసు తెచ్చింది.

"నీళ్లు వద్దమ్మా," అన్నాను.

అమ్మకి అర్థమైంది. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను రెండు ఆకులు, ఒక వక్క అయ్య ముందు పట్టుకున్నాను.

"ఈ సీజనుకి మా జట్టులోకి రావాలి అయ్యా."

"ఏటి పని?"

"వల పని. ఇంకా బెంచీ మీద కూర్చోవాలి. కింద పడ్డవాళ్లని లేపాలి."

ఆయన చాలాసేపు ఆ ఆకుల వంకే చూశాడు. నాకు భయమేసింది, పిల్లచేష్ట అనుకుని కోప్పడతాడేమోనని. తర్వాత పంచె అంచుకి కుడిచెయ్యి తుడుచుకుని, రెండు చేతులూ చాపి తీసుకున్నాడు. అమ్మ ఆయన చేతుల్లోంచి అందుకుని లోపలికి వెళ్లింది. బియ్యం కుండ మూత చప్పుడు బయటికి వినబడింది.

రెండు రోజులు కూర్చుని వల అల్లాడు. మొదటిరోజు సాయంత్రం సూది ఆపి అడిగాడు. "అడుగు?"

"నీ ఇష్టం అయ్యా."

తల పంకించి మళ్లీ మొదలుపెట్టాడు. నేను ఇంక చూడలేదు. అడుగు కుట్టినా సరే, ఈసారి బ్లేడు ముట్టుకోకూడదని, పదకొండు మందికీ పదకొండు వెదురు కర్రలు ఇచ్చేద్దామని నిశ్చయించుకున్నాను.

మూడో రోజు పొద్దున బడికి వచ్చాడు. నిచ్చెన ఎక్కలేకపోయాడు కాబట్టి కింద నిలబడి చెబుతుంటే నేను కట్టాను. చేతిలోకి తీసుకున్నప్పుడే చూశాను. అడుగు లేదు. కింది కన్ను ప్రతిదానికీ రెండేసి ముళ్లు వేసి, ఎక్కడా పీచు తేలకుండా అంచు దిద్దాడు. పిల్లలు బంతి తెచ్చి నాకివ్వబోతే, నేను అయ్యకి ఇమ్మన్నాను.

ఆయన దాన్ని రెండు చేతుల్తో బరువు చూశాడు. అన్నేళ్లుగా ఆ ఆట గురించి మాట్లాడిన మనిషి, బంతి పట్టుకోవడం అదే మొదలు. ఒడ్డున వల విసిరేవాళ్లలా నడుము దగ్గర్నుంచి ఊపి విసిరాడు. బోర్డుకి కూడా తగల్లేదు. పిల్లలు పరిగెత్తి తెచ్చిచ్చారు. రెండోది రింగు మీద పడి ఎగిరిపోయింది. ఎన్ని వేశాడో లెక్కపెట్టలేదు. మోకాలు నొప్పెట్టి కాసేపు ఆగాడు, ఆపెయ్యమంటే వినలేదు. చొక్కా తడిసిపోయింది. పిల్లలు నవ్వడం మానేసి వరసగా నిలబడి చూస్తున్నారు.

చివరికి ఒకటి పైకి వెళ్లి, రింగు లోపల పడి, కొత్త దారాన్ని రాసుకుంటూ కిందికి జారింది. అయ్య గబగబా కుంటుకుంటూ రింగు కిందికి వెళ్లి, అది నేల తాకేలోగా రెండు చేతుల్తో పట్టుకున్నాడు. బంతిని పొట్టకి ఆనించుకుని, పైకి, ఊగుతున్న వలకేసి చూశాడు. రొప్పుతూ నావైపు తిరిగాడు.

"రాసుకోయే," అన్నాడు. "టేకు, రెండు."

ఇంటికెళ్లగానే నోటుపుస్తకం తీసి రాశాను. ఈసారి పండుగప్ప దగ్గర కొయ్యలేదు.